ఎక్స్‌రేలో కనిపించిన చిన్న ఎముక: విరిగిందా, ముందు నుంచీ ఉన్నదేనా?



ఈ వారం పురుగుల రోగాల గురించి కాదు, మన కాళ్ళ గురించి. పట్టు పనంతా కాళ్ళ మీద పనే. తోటలో కొమ్మ కొయ్యాలి, మోపు కట్టాలి, నెత్తిన పెట్టుకుని గట్టు దిగాలి, షెడ్డుకి చేర్చాలి. పై అరలో మేత వెయ్యాలంటే మునివేళ్ళ మీద లేవాలి. నాలుగో జ్వరం లేచిన దగ్గర్నుంచి గూడు కట్టేదాకా వారం రోజులు ఇంట్లో ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. పురుగు పుట్టి గూడు కట్టేలోపు తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళ పైనే ఈ ఐదో దశలో తింటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరికో ఒకరికి తడి గట్టు మీద కాలు మడత పడుతుంది.

తర్వాత ఏమవుతుందో మీకు తెలిసిందే. చీలమండ వాస్తుంది. రెండ్రోజులు సున్నం, పసుపు పట్టిస్తారు. తగ్గకపోతే ఆసుపత్రి, ఎక్స్‌రే. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మడమ పైన, వెనక వైపు, శనగ గింజంత ముక్క ఒకటి విడిగా కనిపిస్తుంది. “ఇదిగో, ముక్క ఇరిగి పక్కకొచ్చేసింది” అంటారు పక్కనున్నవాళ్ళు. ఫోటో తీసి నలుగురికీ పంపితే నలుగురూ నాలుగు మాటలు చెప్తారు. చివరికి ఆరు వారాల పిండికట్టు పడితే లెక్క చూడండి: పురుగు గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు కట్టడానికి పట్టేది నాలుగు వారాల లోపు, కట్టు ఉండేది ఆరు వారాలు. చేతిలో ఉన్న పంటకి కూలి పెట్టుకోవాలి, వచ్చే పంటకి గుడ్లు చెప్పాలా మానాలా తెలియదు.

కట్టు నిజంగా అవసరమైతే వేయించుకోవలసిందే, పంట మళ్ళీ పెట్టుకోవచ్చు. కానీ ఫిల్ములో కనిపించిన ఆ ముక్క చాలామందిలో విరిగిన ముక్కే కాదు. పదేళ్ళ వయసు నుంచీ ఆ కాలిలో ఉన్న అదనపు ఎముక అది. ఇంకో పక్కన, నిజంగా విరిగినదాన్ని “ఇది నీకు ఎప్పట్నుంచో ఉన్నదేలే” అని పంపించేసిన సందర్భాలూ ఉంటాయి. ఈ రెండు పొరపాట్లలో ఏది జరిగినా పోయేది మన కాలే. అందుకే ఈ వ్యాసం.

*అదనపు ఎముక ఎక్కడిది?*

పుస్తకాల లెక్క ప్రకారం ఒక పాదంలో 26 ఎముకలు. అసలు పాదాల్లో ఆ లెక్క తరచుగా తప్పుతుంది. పిల్లలు పుట్టినప్పుడు పాదంలో చాలా భాగం మెత్తని మృదులాస్థే. దాని లోపల అక్కడక్కడ చుక్కల్లాగా గట్టి ఎముక మొదలై, పెరిగి, ఒకదాన్నొకటి కలుసుకుని పూర్తి ఎముక అవుతుంది. కొన్ని ఎముకలకి ముఖ్యమైన చుక్క ఒకటి, పక్కన చిన్న చుక్క ఇంకొకటి ఉంటాయి. ఆ చిన్నది పెద్దదానితో అతుక్కోకుండా విడిగా ఉండిపోతే అదే అదనపు ఎముక. మనకి జంట గూడు తెలుసు కదా, రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. ఇక్కడ జరిగేది దానికి తిరగబడి: ఒక్కటి కావలసింది రెండుగా మిగిలిపోతుంది.

డాక్టర్లు దీన్ని యాక్సెసరీ ఆసికిల్ అంటారు. రిపోర్టులో ఈ మాట కనిపిస్తే కంగారు పడకండి, “అదనపు చిన్న ఎముక” అని మాత్రమే దానర్థం. పాదం, చీలమండల చుట్టూ ఇలాంటివి డజన్లలో గుర్తించారు. మన పనికి సంబంధించి తెలుసుకోవలసినవి మూడు నాలుగే.

మొదటిది మడమ వెనక ఉండేది. చీలమండలో పిక్క ఎముక కింద కూర్చునే ఎముక పేరు టాలస్. దాని వెనక కొసన ఎనిమిది నుంచి పదమూడేళ్ళ వయసులో ఒక చిన్న చుక్క మొదలవుతుంది. మామూలుగా ఏడాదిలోపు టాలస్‌తో కలిసిపోతుంది. కలవకపోతే మూడు మూలల ముక్కలా విడిగా నిలుస్తుంది. దాని పేరు ఆస్ ట్రైగోనమ్. లాటిన్‌లో ఆస్ అంటే ఎముక, ట్రైగోనమ్ అంటే త్రికోణం. వేర్వేరు అధ్యయనాల్లో ఇది నూటికి ఏడుగురి నుంచి పాతికమంది దాకా కనిపించింది. అంటే ఒక ఊళ్ళో వందమంది పట్టు రైతులు ఉంటే, కనీసం ఏడుగురి కాళ్ళలో ఇది ఉండొచ్చు. వాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అది నొప్పెట్టదు.

రెండోది పాదం లోపలి పక్కన, అరికాలి వంపుకి పైన ఉండేది. అక్కడ పడవ ఆకారంలో ఉండే ఎముకని నావిక్యులర్ అంటారు. దాని పక్కన ఉండే అదనపు ఎముక యాక్సెసరీ నావిక్యులర్. ఇది సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని చెప్తారు. పైకి బొడిపెలా కనిపిస్తుంది, చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది. అమ్మకి ఉంటే పిల్లలకీ ఉండడం మామూలే.

మూడోది పాదం బయటి పక్కన, నరంలా తగిలే ఒక గట్టి కండర తాడులో ఇమిడి ఉండే ఆస్ పెరోనియమ్. చిటికెన వేలి ఎముక మొదట్లో ఉండే ఆస్ వెసాలియానమ్ ఇంకొకటి, అది చాలా అరుదు, నూటికి ఒక్కరికి కూడా ఉండదు. దానికి ఆ పేరు 16వ శతాబ్దంలో మనిషి శరీరాన్ని కోసి చూసి బొమ్మలతో పుస్తకం వేసిన వెసాలియస్ మీదుగా వచ్చింది.

*ఇది పాత తగువే*

“విరిగిందా, ముందే ఉందా” అన్న ప్రశ్న ఎక్స్‌రే కంటే ముందు పుట్టింది. 1882లో కెనడాలోని మాంట్రియల్‌లో షెపర్డ్ అనే శరీర శాస్త్ర అధ్యాపకుడు, కోసిన శవాల్లో టాలస్ వెనక కొస విడిపోయి ఉండడం చూశాడు. ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పని విరుగుడు అని రాశాడు. మరుసటేడు స్కాట్లాండులోని ఎడింబరోలో టర్నర్ అనే పెద్ద ఆచార్యుడు దానికి జవాబిచ్చాడు: అది విరగలేదు, అతుక్కోకుండా ఉండిపోయిన వేరే ఎముక అని. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టింది 1895 నవంబరులో. అంటే ఫిల్ము అన్నదే లేని రోజుల్లో, చేతిలో ఎముక పట్టుకుని చూసిన ఇద్దరు పెద్దలకే మాట కుదరలేదు. వింత ఏమిటంటే, టర్నర్ చెప్పింది నిజమే అయినా ఆ చోట విరగడమూ నిజంగా జరుగుతుంది. ఇప్పటికీ దాన్ని షెపర్డ్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. కాబట్టి ఫిల్ము చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని మనం ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు.

*ఫిల్ములో తేడా ఎలా తెలుస్తుంది*

ఇది చదివి మనమే డాక్టర్లం అయిపోము. కానీ డాక్టరు ఏం చూస్తున్నారో తెలిస్తే, ఏం అడగాలో తెలుస్తుంది.

అదనపు ఎముక అంచు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. చుట్టూరా సన్నని తెల్లని గీత పూర్తిగా తిరిగి ఉంటుంది, కోడిగుడ్డుకి పెంకులాగ. రిపోర్టులో దీన్నే “వెల్ కార్టికేటెడ్” అని రాస్తారు. విరిగిన ముక్క అలా ఉండదు. విరిగిన వైపు అంచు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఆ పక్కన తెల్ల గీత ఉండదు. పగిలిన కుండ పెంకుని కుండకి ఆనించి చూస్తే ఎలా సరిపోతుందో, విరిగిన ముక్క తన తల్లి ఎముకలోని ఖాళీకి అలాగే సరిపోయేట్టు కనిపిస్తుంది. పైగా దాని మీద చర్మం ఉబ్బి ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే సరిగ్గా అక్కడే ప్రాణం లేచొస్తుంది.

అన్నీ ఇంత తేటగా ఉండవు. ఎప్పుడో ఏళ్ళ కింద విరిగి అతకని ముక్క కూడా కాలం గడిచేకొద్దీ అంచులు నున్నబడి అదనపు ఎముకలాగే కనిపిస్తుంది. బయటి చీలమండ ఎముక కొసన కనిపించే ఆస్ సబ్‌ఫిబ్యులేర్ అనే ముక్క సంగతి ఇదే. అది పుట్టుకతో వచ్చిందా, చిన్నప్పుడు కాలు బెణికినప్పుడు కీలు పట్టీ ఊడి తెచ్చుకున్న ముక్కా అని నిపుణులే ఇంకా వాదించుకుంటారు. అలాంటివాళ్ళకి కాలు మాటిమాటికీ మడత పడుతుంటే, ముక్క కన్నా వదులైన పట్టీయే అసలు కారణం కావచ్చు.

రెండో కాలి ఎక్స్‌రే తీయిస్తే కొంత తేలుతుంది. అదనపు ఎముకలు చాలాసార్లు రెండు కాళ్ళలోనూ జతగా ఉంటాయి. నొప్పి లేని కాలిలో కూడా అదే చోట అదే ఆకారం కనిపిస్తే, అది పాతదన్న నమ్మకం పెరుగుతుంది. కనిపించకపోతే విరిగిందని తీర్మానించడానికి లేదు, ఒక్క కాలిలోనే ఉండేవాళ్ళూ ఉన్నారు. అందుకని ప్రతివాళ్ళకీ రెండు కాళ్ళూ తీయనక్కర్లేదు, అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ని అడగొచ్చు. ఎక్స్‌రే అంటే భయపడేవాళ్ళకి ఒక మాట: కాలికి తీసే ఎక్స్‌రేలో పడే కిరణాలు, మామూలుగా నేల నుంచి, ఆకాశం నుంచి మన మీద కొన్ని గంటల్లో పడేంత మాత్రమే. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మాత్రం ముందే చెప్పాలి.

పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పది పన్నెండేళ్ళ పిల్లల పాదంలో చిటికెన వేలి ఎముక మొదట్లో ఒక ముక్క విడిగా కనిపిస్తుంది. అది అదనపు ఎముక కూడా కాదు, ఇంకా పెరుగుతున్న కొస. రెండేళ్ళలో దానంతటదే కలిసిపోతుంది. గుర్తు ఏమిటంటే, పెరిగే కొస గీత ఎముక పొడుగు వెంబడి నిలువుగా ఉంటుంది, విరిగిన గీత అడ్డంగా ఉంటుంది. ఆకు కోతకి సాయం వచ్చిన పిల్లాడు జారిపడి ఆసుపత్రికి వెళ్తే ఈ ఒక్క తేడా మీదే కట్టు వెయ్యాలా వద్దా అన్నది తేలుతుంది.

మన జిల్లాల్లో సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్న పిల్లలు ఉన్నారన్నది కూడా ఇక్కడే గుర్తు చెయ్యాలి. దెబ్బ తగలకుండా చేతులూ కాళ్ళూ ఎముకలు నొప్పెట్టి, జ్వరం కూడా ఉంటే, ఫిల్ములో కనిపించిన చిన్న ముక్క మీదికి నెపం నెట్టకుండా రక్తపరీక్ష చేయించాలి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు.

*నొప్పెట్టేది ఎప్పుడు*

అదనపు ఎముక ఉండడం జబ్బు కాదు. అయితే కొందరిలో అది నొప్పికి కారణమవుతుంది, ఆ నొప్పికి మన పనికీ సంబంధం ఉంది.

ఆస్ ట్రైగోనమ్ పిక్క ఎముకకీ మడమ ఎముకకీ మధ్య వెనక పక్కన ఉంటుంది. పాదం ముందుకి, కిందికి చాపినప్పుడు ఈ రెండు ఎముకలూ దగ్గరికొచ్చి దాన్ని అడకత్తెరలో వక్కలాగ నొక్కుతాయి. మునివేళ్ళ మీద నిలబడడం, పల్లం దిగడం, మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు వెనక్కి చాపి వాటి మీద బరువు వెయ్యడం, ఇవన్నీ ఆ నొక్కుడు పెంచేవే. వేరే దేశాల్లో ఈ నొప్పి ఎక్కువగా బ్యాలే నాట్యం చేసేవాళ్ళలో, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళలో చూశారు, వాళ్ళు రోజంతా మునివేళ్ళ మీదే ఉంటారు కాబట్టి. మన షెడ్డులో పై అరకి అందుకునేవాళ్ళు బ్యాలే చెయ్యకపోయినా, పంట చివరి వారంలో పూటకి ఎన్నిసార్లు మునివేళ్ళ మీద లేస్తారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కొండ వాలు మీద తోట ఉన్నవాళ్ళు మోపుతో దిగడం సరే సరి.

ఈ నొప్పి మడమ కింద ఉండదు, పిక్క నరానికి లోపలగా, చీలమండ వెనక లోతుగా ఉంటుంది. బొటనవేలు కదిపితే ఎక్కువ కావచ్చు, ఎందుకంటే బొటనవేలిని వంచే తాడు ఈ ఎముక పక్క నుంచే పోతుంది. డాక్టరు పాదాన్ని చేత్తో పట్టుకుని చటుక్కున కిందికి వంచి చూస్తారు. లోపల వెనకాల కలుక్కుమంటే అనుమానం బలపడుతుంది.

యాక్సెసరీ నావిక్యులర్ నొప్పి వేరు. పాదం వంపుని నిలబెట్టే ముఖ్యమైన తాడు వచ్చి ఆ ఎముకకే అతుక్కుంటుంది. అదనపు ముక్కకీ అసలు ఎముకకీ మధ్య మృదులాస్థి అతుకు ఉన్న రకంలో, నడిచిన ప్రతిసారీ ఆ తాడు అతుకుని లాగుతుంది. కాలు బెణికితే అతుకు కదిలి నొప్పి మొదలవుతుంది. పాదం చదునుగా ఉన్నవాళ్ళకీ, ఎదిగే ఆడపిల్లలకీ ఇది ఎక్కువ. తోటలో వేసుకునే గమ్‌బూటు సరిగ్గా ఆ బొడిపె మీద రాపిడి పెడుతుంది. అలాంటప్పుడు ముందు చెయ్యవలసింది బూటు మార్చడం. మందు తర్వాత.

బయటి పక్కనుండే ఆస్ పెరోనియమ్ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. కాలు లోపలికి మడిచి పడినప్పుడు ఆ ఎముక రెండు ముక్కలై దూరంగా జరిగితే, దాన్ని పట్టి ఉంచే తాడు తెగిందేమో చూడాలి. ముక్కల మధ్య ఎడం 6 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తాడు పూర్తిగా తెగి ఉండొచ్చని రేడియాలజిస్టులు చూస్తారు. అలాగే, ఎప్పుడూ ఒక చోట ఉండే ఎముక పాత ఫిల్ములో ఒక చోటా కొత్త ఫిల్ములో మడమ వైపు జరిగీ కనిపిస్తే అదీ ఆ గుర్తే. “అదనపు ఎముకే, ఏం పర్లేదు” అని ఇంటికొచ్చేసి నెలల తరబడి కుంటడం ఇలాంటి చోటే జరుగుతుంది.

*ఏ పరీక్ష దేనికి*

మొదట ఎక్స్‌రేనే. అది కూడా ప్రతి బెణుకుకీ అక్కర్లేదు. 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు ఒక నియమం పెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. చీలమండ దగ్గర నొప్పి ఉండి, లోపలి గానీ బయటి గానీ చీలమండ ఎముక వెనక అంచు వెంబడి కింది ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉన్నా, పాదం మధ్యలో నొప్పి ఉండి చిటికెన వేలి ఎముక మొదట్లోనో పాదం లోపలి వంపు మీది నావిక్యులర్ మీదో నొక్కితే నొప్పి ఉన్నా, లేదా పడ్డ వెంటనేనూ ఆసుపత్రిలోనూ నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తియ్యాలి. ఇవేవీ లేకపోతే విరిగే అవకాశం చాలా తక్కువ. చిన్న పిల్లలకీ, షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకీ, తాగి పడ్డవాళ్ళకీ ఈ నియమాన్ని నమ్ముకోకూడదు. షుగర్ ఉన్న మనిషికి నొప్పి లేకుండానే పాదం వాచి వేడిగా ఉంటే అది వేరే పెద్ద సంగతి, ఆ రోజే చూపించాలి.

ఎక్స్‌రే ముక్క ఉందని చెప్తుంది. నొప్పి ఆ ముక్క వల్లేనా అన్నది చెప్పలేదు. చాలామందికి కట్టూ కర్చూ అనవసరంగా పడేది ఈ తేడా తెలియకే. తాడు ఎలా ఉంది, చుట్టూ నీరు పట్టిందా అన్నది అల్ట్రాసౌండు చూపిస్తుంది. అది చౌక, కిరణాలు ఉండవు, డాక్టరు నొప్పి ఉన్న చోటనే మెషిన్ ఆనించి చూడగలరు. సన్నని విరుగుడు గీత ఉందా లేదా తేల్చడానికి సీటీ స్కాన్. ఎముక లోపల వాపు ఉందా, ముక్కకీ తల్లి ఎముకకీ మధ్య అతుకు కదిలిందా అన్నది ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. నొప్పి ఉన్న ముక్క లోపల నీరు పట్టి మెరుస్తుంది, ఊరికే ఉన్న ముక్క పక్కనున్న ఎముకలాగే కనిపిస్తుంది. ఇంకో పద్ధతి ఏమిటంటే, ఆ చోట మత్తు మందు కొంచెం సూదితో వేసి చూడడం. నొప్పి అప్పటికప్పుడు పోతే దొంగ దొరికినట్టే.

గుణుపురంలో ఉన్నవాళ్ళకి ఎక్స్‌రే దగ్గర్లోనే దొరుకుతుంది. ఎమ్మారై అంటే ఎక్కువమంది విశాఖపట్నమో బ్రహ్మపురమో చూసుకుంటారు, బిసంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రికి వెళ్ళి సలహా తీసుకునేవాళ్ళూ ఉన్నారు. 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్‌సెన్ మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి మన రాయగడ జిల్లాలోదే. విశాఖ వెళ్ళి రావడమంటే ఒక రోజు పోయినట్టే, మేత వేళల్లో అది చిన్న మాట కాదు. అందుకే వెళ్ళే ముందు ఇక్కడి డాక్టర్ని ఒక మాట అడగండి: “ఈ స్కాన్‌లో ఏం తేలితే వైద్యం మారుతుంది?” దానికి జవాబు ఉంటే వెళ్ళండి. ఎలాగూ నాలుగు వారాల విశ్రాంతే చెప్తారు అంటే, ముందు విశ్రాంతి తీసుకుని, తగ్గకపోతే అప్పుడు స్కాన్ చూసుకోవచ్చు.

ఫిల్ము తీసేవారు వేరు, దాన్ని చదివేవారు వేరు. ఎక్స్‌రే గదిలో బటన్ నొక్కేది టెక్నీషియన్. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, ఆయనా డాక్టరే. ఎముకల రేడియాలజీ అంటే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే పేరు కాకర్ల సుబ్బారావు గారిది. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, మనవాళ్ళు వెళ్ళే విశాఖ కేజీహెచ్‌కి అనుబంధమైన ఆంధ్ర మెడికల్ కాలేజీలోనే డాక్టరీ చదివారు. అమెరికాలో చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగొచ్చి హైదరాబాదు నిమ్స్ డైరెక్టరుగా ఉన్నారు. 2000లో పద్మశ్రీ వచ్చింది, 2021లో పోయారు. నీడలాగ కనిపించే ఫిల్ముని చదవడం ఎంత పెద్ద విద్యో చెప్పడానికే ఆయన పేరు తెచ్చాను. టెక్నీషియన్ గదిలో నోటిమాటగా అన్న “ఇరిగింది” పట్టుకుని వెళ్ళి కట్టు వేయించుకోకండి, చదివి రాసిన రిపోర్టు అడగండి.

*వైద్యం*

నొప్పి లేని అదనపు ఎముకకి ఏ వైద్యమూ అక్కర్లేదు. తీయించుకోవలసిన పనీ లేదు. ముందు జాగ్రత్తకని తీసేస్తాం అని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ని కలవండి.

నొప్పి ఉంటే మొదట చేసేవి అందరికీ అందుబాటులో ఉన్నవే. కొన్ని వారాలు ఆ కాలి మీద భారం తగ్గించడం, ఐసు, డాక్టరు చెప్పిన నొప్పి మాత్రలు, వంపుకి ఆనుకునే మెత్తని అట్టలు, పిక్క కండరానికి వ్యాయామం. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని మింగకూడదు. కొందరికి కొద్ది వారాల బూటు పట్టీ గానీ కట్టు గానీ అవసరం పడుతుంది. చాలామందికి ఇంతటితోనే సర్దుకుంటుంది. మూడు నుంచి ఆరు నెలలు ఇవన్నీ సరిగ్గా చేసినా తగ్గనివాళ్ళకే ఆపరేషన్ మాట వస్తుంది. ఆస్ ట్రైగోనమ్‌ని ఇప్పుడు చిన్న రంధ్రాల నుంచి కెమెరాతో కూడా తీస్తున్నారు. యాక్సెసరీ నావిక్యులర్‌కి ముక్క తీసి తాడుని మళ్ళీ అమర్చే ఆపరేషన్‌ని అమెరికా డాక్టరు కిడ్నర్ 1929లో రాసిన పద్ధతి మీదుగా ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆపరేషన్ అయితే నడకకి వారాలు, మోపు ఎత్తడానికి నెలలు పడుతుంది. గుడ్లు చెప్పకముందే తేదీ పెట్టించుకోండి, ప్రభుత్వ ఆరోగ్య కార్డులో వస్తుందో లేదో చేరకముందే అడగండి.

కట్టు వేసే నాటువైద్యుల దగ్గరికి వెళ్ళడం మన దగ్గర ఉన్నదే, చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకి ఊళ్ళకి ఊళ్ళు వెళ్తాయి. వాళ్ళని తక్కువ చేసి మాట్లాడను. కానీ “ముక్క పక్కకొచ్చింది, లాగి సరిచేస్తాను” అని వాచిన కాలుని లాగితే, అది అదనపు ఎముకైతే లాభం లేదు, నిజంగా విరిగినదైతే ఇంకా జరుగుతుంది. బిగించి కట్టిన తర్వాత వేళ్ళు చల్లబడినా, నల్లబడినా, స్పర్శ పోయినా ఎవరు కట్టిందైనా ఆ క్షణమే విప్పించాలి.

షెడ్డులో చేసుకోగలిగిన మార్పు కూడా ఒకటి ఉంది. పై అరకి అందుకోడానికి మునివేళ్ళ మీద లేవకుండా, కదలని చెక్క పీట ఒకటి నడవ పొడుగునా వేసుకోండి. అరికాలు మొత్తం ఆనేంత వెడల్పు ఉండాలి. పంట మధ్యలో కొత్తగా అరలు కట్టించుకునేవాళ్ళు పై అర భుజం ఎత్తుకి మించకుండా చూసుకుంటే పీట కూడా అక్కర్లేదు. మోపులు పల్లం దింపేటప్పుడు రెండు చిన్న మోపులుగా కట్టుకుని రెండు సార్లు దిగండి.

ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళు ఫిల్ముని మడత పెట్టకుండా, రిపోర్టుతో కలిపి ట్రంకు పెట్టెలో దాచుకోండి. ఫోన్లో తీసిన ఫోటో చాలదు, వెలుతురు సరిగా పడక సన్నగీతలు కనపడవు. అయిదేళ్ళ తర్వాత అదే కాలు మళ్ళీ బెణికితే, ఆ పాత ఫిల్ములో ముక్క అప్పుడే ఉందని కనిపిస్తే, కొత్త కట్టు అక్కర్లేదని డాక్టరు నిమిషంలో చెప్పగలరు.

వచ్చే వారం ఊజీ ఈగ. వలలు, తలుపుల సంగతి వివరంగా రాస్తాం. ఈలోపు ప్రశ్నలుంటే పగటిపూట పంపండి, రాత్రి మేత వేళల్లో జవాబు ఆలస్యమవుతుంది.